పెరడు ఒకటైనప్పుడు టీకా రోజు వేరెందుకు?

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతపు మెట్ట గ్రామాలలో కోళ్లు మాత్రమే ఉండే పెరడు అరుదు. ఒకటో రెండో పాడి గేదెలు, వాటి పక్కన దూడ, గుంజకు కట్టిన మేకలు, పెంటకుప్ప, గడ్డివాము, వంటచెరకు కోసం పేర్చిన పత్తి కట్టె, వీటన్నింటి నడుమ తిరుగాడే ఎనిమిదో పదో నాటు కోళ్లు: సన్నకారు రైతు ఇంటి వెనుక సాధారణంగా కనిపించేది ఇదే. మనం అందించే సాంకేతిక సమాచారం మాత్రం ఈ పెరటిని ముక్కలుగా చూస్తుంది. గేదెల పోషణకు ఒక కరపత్రం, జీవాల పెంపకానికి మరొకటి, పెరటి కోళ్లకు ఇంకొకటి. వాటిలో ఏ ఒక్కటీ పక్క జీవిని గురించి ప్రస్తావించదు. ఈ మూడింటినీ కలిపి కుట్టుకునే బాధ్యత పెరటిని నడిపే ఇల్లాలిపై పడుతోంది. సలహాకు ప్రాతిపదిక జీవి కాక పెరడు కావాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. అందులోనూ అన్నిటికన్నా ముందుగా మారవలసినది టీకాల పద్ధతి.

పెరటి కోడిని చిన్న విషయంగా భావించే అలవాటు మన శాస్త్రవేత్తలలోనూ ఉంది. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో 85 కోట్లకు పైగా ఉన్న కోళ్లలో దాదాపు 31 కోట్ల 70 లక్షలు పెరటి కోళ్లే. 2012 గణనతో పోల్చితే వాటి సంఖ్య సుమారు 46 శాతం పెరిగింది. ఫారాల పరిశ్రమ ఇంతగా విస్తరించిన కాలంలోనే పెరటి కోడి కూడా పెరిగిందంటే, దానికి ఇంటి ఆర్థిక వ్యవస్థలో స్థిరమైన స్థానం ఉన్నదని అర్థం. పాల సొమ్ము కేంద్రం నుండి ఇంటి యజమాని ఖాతాలో పడుతుంది. పత్తి, మిరప సొమ్ము అప్పుల లెక్కలోకి పోతుంది. కోడిని అమ్మిన సొమ్ము మాత్రం చాలా ఇళ్లలో స్త్రీ చేతిలోనే ఉంటుంది. పిల్లల పుస్తకాలకు, ఆసుపత్రి ఖర్చుకు, పుట్టింటి ప్రయాణానికి ఆ డబ్బే ఆధారం. కొక్కెర తెగులు వచ్చి ఒక వారంలో గంప ఖాళీ అయినప్పుడు ఆమె నష్టాన్ని ఏ పంచనామా నమోదు చేయదు.

మిశ్రమ పెంపకం గురించి రైతులలో కొన్ని భయాలున్నాయి. వాటిలో కొన్ని నిరాధారమైనవి. మేక పేను కోడికి పట్టదు, కోడి పేను మేకపై నిలవదు. పేలు తమ తమ జీవులనే ఆశ్రయించి బ్రతుకుతాయి. మేకపిల్లలకు రక్తపారుడు కలిగించే కాక్సీడియా వేరు, కోడిపిల్లలకు కలిగించేది వేరు. ఒకదాని నుండి మరొకదానికి అది సంక్రమించదు. జీర్ణకోశపు నులిపురుగులలో కూడా అధిక భాగం ఇంతే. గాలికుంటు కోడికి రాదు, కొక్కెర తెగులు గేదెకు రాదు. కనుక కోళ్లను పశువులతో కలిపి పెంచడమే తప్పని చెప్పడం సరికాదు. ఏది దాటుతుంది, ఏది దాటదు అని స్పష్టంగా చెప్పడం సరైన పని.

కలిసి తిరగడం వలన మేలు కూడా ఉంది. పెంటకుప్పను కోళ్లు చిదిమినప్పుడు ఈగల పురుగులు వాటికి మాంసకృత్తుల ఆహారమవుతాయి. ఈగలు తగ్గితే పాలు పితికే వేళ గేదె నిలకడగా ఉంటుంది. పశువుల ఒంటి నుండి రాలిన పిడుదులను, పడుకున్న గేదె చెవులపై, పొదుగు దగ్గర అంటుకున్న వాటిని సైతం కోళ్లు ఏరి తింటాయి. కెన్యాలో 1990ల తొలినాళ్లలో జరిగిన పరిశోధనలో పశువుల మధ్య తిరిగి వచ్చిన కోళ్ల కడుపులలో పదుల సంఖ్యలో పిడుదులను లెక్కించారు. ఇది మందుకు ప్రత్యామ్నాయం కాదు గాని, మందు భారాన్ని తగ్గించే సహాయం. ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. పశువులపై పిడుదుల మందు పిచికారి చేసిన రోజు, మరునాడు కూడా కోళ్లను పాకలోకి రానీయరాదు. మందు తిని రాలిన పిడుదులను అవి ఏరుకుంటాయి. రెండవది, ఈగలు, పేడపురుగులు, చీమలు కోళ్ల బద్దెపురుగులకు మధ్యంతర ఆశ్రయాలు. కనుక పెంటకుప్పపై బ్రతికే కోడికి మూడు నెలలకొకసారి నట్టల నివారణ మందు తప్పనిసరి. కుప్పపై తిరగనిచ్చి నట్టల మందు మానడం కంటే, తిరగనీయకపోవడమే నయం.

ఇక కష్టం వచ్చేది మేత తొట్టి దగ్గర. మన ప్రాంతంలో గేదెలకు పత్తి గింజలు, పత్తి చెక్క పెట్టడం తరతరాల అలవాటు. నెమరు వేసే పెద్ద పశువు వాటిలోని గాసిపాల్ అనే పదార్థాన్ని చాలావరకు తట్టుకోగలదు. కోడికి ఆ శక్తి తక్కువ. తొట్టి అంచున చేరి పత్తి చెక్క తినే కోడి గుడ్లను కొన్ని రోజులు నిల్వ ఉంచి పగులగొడితే, పచ్చసొన ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగులోకి మారి ఉంటుంది. పొదిగించిన గుడ్లలో పిల్లలయ్యేవి కూడా తగ్గవచ్చు. ఇటువంటి గుడ్డును చూచి కోడికి ఏదో రోగమని భావించి అమ్మివేసేవారున్నారు. రోగం కోడిది కాదు, తొట్టిది. గేదె మేత తినే గంట సేపు కోళ్లను బయటకు తోలి, తొట్టి ఖాళీ అయిన పిదప వదిలితే సరిపోతుంది.

ఇదే ప్రమాదం ఎదురు దిశలో వచ్చినప్పుడు మరింత తీవ్రంగా ఉంటుంది. కోడిపిల్లల కోసం తెచ్చిన దాణా సంచిని, లేదా నలగ్గొట్టిన మొక్కజొన్నను మేక చూచిందంటే ఆగదు. ఒక్కసారిగా గింజ అధికంగా తిన్న మేక పొట్టలో ఆమ్లం పెరిగి, పొట్ట ఉబ్బి, పళ్లు కొరుకుతూ, మరునాటికి లేవలేని స్థితికి చేరుతుంది. గింజ మోతాదు మించినప్పుడే చిటుక రోగం కలిగించే సూక్ష్మజీవులు కూడా పేగులో విజృంభిస్తాయి. ఏపుగా పెరిగిన పిల్లలే ముందుగా చనిపోతాయి. గొర్రెలకు మరొక చిక్కు ఉంది: కోళ్ల దాణాలో కలిపే రాగి ధాతువు కోడికి అవసరమైన మోతాదులోనే ఉన్నా, రోజూ తింటే గొర్రె కాలేయంలో పేరుకుపోయి విషమవుతుంది. కోడి దూరగలిగి, మేక మూతి పట్టని సందులు గల వెదురు తడికను మూలకు కట్టి, పిల్లల దాణాను దాని లోపలే పెట్టడం దీనికి చౌకైన ఉపాయం. జీవాలకు మేతను నేలపై వేయక నడుము ఎత్తున వేలాడదీస్తే, కోడి రెట్ట అందులో పడదు, మేత వృథా కూడా తగ్గుతుంది. ఊరగాయ అడుగులు, ఉప్పుచేపల ముక్కలు, పశువుల ఉప్పు ఇటుక పొడి కోళ్లకు అందనీయరాదు. ఉప్పు విషయంలో కోడి మిగిలిన జీవుల కంటే చాలా సున్నితమైనది.

వర్షాకాలంలో బూజు పట్టిన మొక్కజొన్న ఎవరికి వేయాలన్న ప్రశ్న ప్రతి శిక్షణలోనూ వస్తుంది. ఎవరికీ వేయరాదు. ముఖ్యంగా బాతు ఉన్న పెరటిలో అసలే వద్దు. బూజు విషానికి అన్నిటికన్నా ముందు పడిపోయేది బాతుపిల్ల.

చనిపోయిన కోడిని పెంటకుప్పపై పారవేయడం ఎంత సర్వసాధారణమో, అంత ప్రమాదకరం. కుళ్లిన కళేబరంలో బొట్యులిజం విషం తయారవుతుంది. ఆ ఎరువును పశుగ్రాసపు మడిలో చల్లినా, కళేబరపు ముక్క వరిగడ్డిలో కలిసినా, దానిని తిన్న గేదె వెనుక కాళ్లు పట్టుతప్పి, నాలుక వేలాడి, జ్వరం లేకుండానే కూలబడుతుంది. భాస్వరం లోటు ఉన్న పశువులు బొమికలు నమిలే అలవాటు పడతాయి కనుక, వాటికి ఈ ముప్పు ఇంకా ఎక్కువ. పది రూపాయల సున్నం, మోకాటిలోతు గొయ్యి లక్ష రూపాయల గేదెను కాపాడుతాయి. మున్నేరు 2023 జులైలోను, 2024 సెప్టెంబరు తొలిరోజులలోను ఐతవరం వద్ద జాతీయ రహదారి మీదుగా పొంగినప్పుడు ఈ ప్రాంతపు పశుపోషకులు చూచిన నష్టం తెలిసిందే. అటువంటి వరద తీసిన తరువాత గడ్డివాము అడుగు వరుసను తిరగవేసి, కొట్టుకువచ్చిన చిన్న కళేబరాలు ఉన్నవేమో చూచిన తరువాతనే పశువులకు వేయాలి.

రాత్రి వసతి విషయంలో మాత్రం రాజీ పడరాదు. పగలు కలిసి తిరిగినా, రాత్రికి కోడి గూడు వేరుగా ఉండాలి. గేదెల పాక దూలాలపై కోళ్లు పడుకుంటే రెట్ట అంతా తొట్టిలోనూ, కుడితి గోలెంలోనూ పడుతుంది. సాల్మొనెల్లా వంటి క్రిములు దూడల పారుడుకు కారణమయ్యేది ఇలాగే. పెద్ద కోడికి ఒక చదరపు అడుగు చొప్పున, నేలకు రెండడుగుల ఎత్తున గూడు కట్టి, ముంగిస, పిల్లి, పాము దూరని విధంగా జాలీ బిగించాలి. మట్టిగోడ పగుళ్లను మెత్తి సున్నం వేయాలి. కోళ్లను పట్టే గోమార్లు పగటిపూట కోడి ఒంటిపై దాదాపుగా కనిపించవు. పగుళ్లలో దాగి రాత్రి వచ్చి రక్తం పీల్చి తిరిగి వెళ్లిపోతాయి. కోడి పాలిపోయి, గుడ్లు తగ్గి, ఒంటిపై ఏమీ కనిపించకపోతే గోడ పగులులో పుల్ల దూర్చి చూడవలసిందే. ఇవి స్పైరోకీటోసిస్ అనే ప్రాణాంతక జ్వరాన్ని కూడా మోసుకొస్తాయి. పత్తి కట్టె మోపుల మధ్య గుడ్లు పెట్టే కోడికి ఒక మట్టి మూకుడు, గుప్పెడు గడ్డి ఇచ్చి గూటిలోనే అలవాటు చేస్తే, గుడ్ల కోసం కట్టె మోపుల్లో చేయి పెట్టే ప్రమాదం ఇంటివారికీ తప్పుతుంది.

ఇతర పక్షులను చేర్చేటప్పుడు టర్కీ కోళ్లను నాటు కోళ్లతో ఒకే నేలపై పెంచడం మంచిది కాదు. కోళ్లలో పెద్దగా లక్షణాలు చూపని ఒక క్రిమి, వాటి పేగులోని నట్ట గుడ్ల ద్వారా నేలలో ఏళ్ల తరబడి నిలిచి, టర్కీల కాలేయాన్ని దెబ్బతీసి చంపుతుంది. బాతులు కొక్కెర తెగులును, బర్డ్ ఫ్లూను తమకు జబ్బు కనిపించకుండానే మోయగలవు. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో వరికోతల తరువాత దిగే బాతుల మందల దగ్గరకు ఇంటి కోళ్లను పోనీయకుండా ఉండటం ఉత్తమం. పందులు ఉన్న చోట పక్షులను పూర్తిగా వేరుగా ఉంచవలసిందే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పైన చెప్పిన జాగ్రత్తలన్నీ పాటించిన పెరడు కూడా కొక్కెర తెగులుకు టీకా లేకపోతే ఖాళీ అవుతుంది. ఈ రోగానికి దేశంలో రాణిఖేత్ పేరు స్థిరపడి శతాబ్దం కావస్తోంది. కుమావూన్ కొండల్లోని ముక్తేశ్వర్ సంస్థ పేరు మోసే ఆర్2బి టీకా దశాబ్దాల నుండి అందుబాటులో ఉంది. మందు ఉంది, దాని ధర కూడా అల్పం. అయినా అది పెరటి కోడికి చేరదు. కారణం రైతు నిర్లక్ష్యమని మన సభలలో తరచుగా వినిపిస్తుంది. నేను దీనితో ఏకీభవించలేను. కారణం సీసా పరిమాణం. టీకా సీసా నూరు, రెండు నూర్ల మోతాదులలో వస్తుంది. ఒకసారి ద్రావకంలో కలిపిన తరువాత చల్లగా ఉంచి రెండు గంటలలోపు వాడవలసి ఉంటుంది. ఎనిమిది కోళ్లున్న ఇల్లాలు రెండు నూర్ల మోతాదుల సీసాను మంచు డబ్బాలో జగ్గయ్యపేట నుండి తెచ్చుకొని, ఎనిమిది వాడి మిగిలినది పారవేయాలని కోరడం సలహా కాదు. అదే వీధిలో ఇరవై ఇళ్లు కలిస్తే నూట అరవై కోళ్లవుతాయి. సీసా సరిగా సరిపోతుంది. సమస్య ఇరవై ఇళ్లను ఒకే తెల్లవారుజామున కలపడమే.

ఆ పని చేసే వ్యవస్థ ఇప్పటికే ఉంది, అయితే అది గేదె కోసం ఉంది. 2019లో ప్రారంభమైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం కింద గాలికుంటు టీకా ఆరు నెలలకొకసారి ప్రతి పాకకూ వస్తుంది. జీవాలకు చిటుక రోగం, పారుడు రోగం టీకాలు వేరే దఫాలలో వస్తాయి. సిబ్బంది అదే వీధికి వస్తారు, మంచు డబ్బా అదే, దండోరా అదే. గేదెకు సూది వేసి వెళ్లే మనిషి కాళ్ల దగ్గరే కోడి తిరుగుతుంటుంది. దానికి టీకా లేదు, ఎందుకంటే అది వేరే పథకం. పెరటిని ఒకే యూనిట్‌గా చూచినట్లయితే గాలికుంటు దఫా రోజునే కోళ్లకు కూడా వేయవచ్చు: ఎనిమిది వారాలు దాటిన వాటికి ఆర్2బి అర మిల్లీలీటరు చర్మం కింద, అంతకంటే చిన్నవాటికి లసోటా కంటిలో ఒక చుక్క. చిన్న పిల్లలకు ఆర్2బి వేయరాదు. అది వాటికే ప్రమాదకరం. వారం ముందుగా నట్టల మందు తాపించమని దండోరాలోనే చెప్పవచ్చు. కోళ్లను తెల్లవారకముందు గంప ఎత్తకుండానే పట్టుకోవాలి కనుక, ముందు కోళ్లు, తరువాత గేదెలు అన్న క్రమం పెట్టుకుంటే రెండు పనులూ ఉదయం తొమ్మిదికి ముగుస్తాయి.

ఈ ప్రతిపాదనకు ఒక బలమైన అభ్యంతరం ఉంది. ఇంటింటికీ తిరిగే మనిషి చేతులు, చెప్పులు, సూది ద్వారా రోగాన్ని కూడా మోయవచ్చు. ఇది నిజం. తెగులు అప్పటికే ఆ వీధిలో ఉంటే సామూహిక టీకా దానిని వ్యాపింపజేయగలదు కూడా. కనుక జబ్బు కోడి ఉన్న ఇంటిని ఆ రోజు వదిలివేయాలి. ఇల్లాలే కోడిని గుమ్మం వద్దకు తేవాలి, టీకా వేసేవారు గూటి వద్దకు పోరాదు. సూదిని ఇంటింటికీ మార్చాలి. కంటి చుక్క మందుకు సూది అవసరమే లేదు. ఆస్ట్రేలియా పరిశోధకులు రూపొందించిన, వేడిని కొంత తట్టుకునే ఐ-2 టీకాను ఆఫ్రికాలోని మొజాంబిక్, టాంజానియా గ్రామాలలో శిక్షణ పొందిన గ్రామస్థులే కంటి చుక్కగా వేస్తున్నారు. కోడికింతని రుసుము తీసుకుంటున్నారు. మన స్వయం సహాయక సంఘాల మహిళలకు ఈ పని అలవికానిదేమీ కాదు. రుసుము ఉండటమే మంచిదని నా అభిప్రాయం. ఉచిత టీకా నిధులున్న ఏడాది వస్తుంది, లేని ఏడాది ఆగుతుంది. తెగులు మాత్రం ఏ ఏడాదీ ఆగదు.

మేలుజాతి పిల్లల పంపిణీ గురించి కూడా చెప్పవలసి ఉంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం రూపొందించిన వనరాజా పెరటి పరిస్థితులలో ఏడాదికి నూరు పైచిలుకు, గ్రామప్రియ 160 నుండి 180 గుడ్లు పెట్టగలవు. నాటు కోడి 50 నుండి 60 మాత్రమే. తేడా పెద్దది. అయితే ఇవి పొదగవు. పొదిగే నాటు పెట్టను పెరటిలో ఉంచుకోవాలి. పైగా ఆరు వారాలు పెంచి, టీకాలు పూర్తిచేసిన పిల్లలను ఇవ్వడం ఒకటి, రోజు పిల్లలను పెట్టెలో పెట్టి మేకలు, గేదెలు తిరిగే పెరటిలోకి పంపడం మరొకటి. రెండవ పద్ధతిలో గిట్టల కింద పడేవి, గద్ద, కాకి ఎత్తుకుపోయేవి పోగా మిగిలేవి కొద్ది. టీకా వేయని పిల్లలను పంచడం కంటే పంచకపోవడం మేలని చెప్పడానికి వెనుకాడనవసరం లేదు. బయటి నుండి వచ్చిన పిల్ల తనతో తెగులును తెచ్చి ఇంటి నాటు కోళ్లను కూడా తీసుకుపోగలదు.

కొత్త జీవి ఏదైనా రెండు వారాలు వేరుగా ఉండాలన్న నియమం సంతలో కొన్న మేకకూ, చుట్టాలిచ్చిన పెట్టకూ ఒకటే. సంక్రాంతి వేళ చట్టం ఒప్పుకోని పందేలకు పోయి తిరిగివచ్చిన పుంజుకు మరీ ముఖ్యం. ఆ బరి చుట్టూ ఎన్ని ఊళ్ల కోళ్లు చేరాయో ఎవరికీ తెలియదు, ఆ తరువాత వచ్చేది తెగులు విజృంభించే వేసవి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయినప్పుడు మన ఎన్టీఆర్ జిల్లాలో గంపలగూడెం మండలం పేరు కూడా వినబడింది. కోళ్లు గుంపుగా హఠాత్తుగా చనిపోతే కోసి తినడం, అమ్మడం, పక్క ఊరికి పంపడం మూడూ మానుకొని వెంటనే పశువైద్యునికి తెలియజేయాలి. అది కొక్కెర తెగులా, మరొకటా అన్నది కంటితో చూచి తేల్చగలిగిన విషయం కాదు.

జగ్గయ్యపేట మండలంలోని గరికపాడులో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. గ్రామ స్థాయిలో పశుసంవర్థక సహాయకులు ఉన్నారు. రాబోయే గాలికుంటు దఫాలో వత్సవాయి, పెనుగంచిప్రోలు, చందర్లపాడు మండలాలలో ఒక్కొక్క ఊరిని తీసుకొని, రెండు వీధులలో కోళ్లకు, గేదెలకు ఒకే ఉదయం టీకాలు వేసి, పక్క రెండు వీధులను మామూలుగా వదిలి, వేసవి ముగిసే వరకు ప్రతి ఇంటి కోళ్ల సంఖ్యను పక్షానికొకసారి రాయించవచ్చు. పుస్తకం సంఘం లెక్కలు రాసే మహిళ దగ్గర ఉండాలి. అందులో చనిపోయిన కోళ్లతో పాటు అమ్మినవి, కోసుకున్నవి, గద్ద ఎత్తుకుపోయినవి వేర్వేరు గళ్లలో రాయాలి. అలా విడదీయకపోతే టీకా లెక్క తేలదు.